ఆవుకు తెచ్చిన రొట్టె

పెంక మీద జొన్నరొట్టె వేసి, పైన తడిగుడ్డ అద్ది తిరగేస్తే, ఎండకు కాగిన బండ మీద నీళ్లు చిలకరించినట్టు ఒక వాసన లేస్తుంది. ఇంద్రేశంలోని మా చిన్న వంటగదిలో రెండు పూటలా ఆ వాసనే. పటాన్‌చెరు వైపు నుంచి గాలి తోలినప్పుడు వచ్చే ఫ్యాక్టరీల ఘాటు కూడా దాని ముందు కాసేపు వెనక్కి తగ్గుతుంది. పైవాటాలో కిరాయికున్న అమ్మాయి మెట్లు దిగుతూ ఆగి, "ఏం జేస్తున్నరాంటీ, మస్తు వాసనొస్తుంది" అంటుంది. మా ఆయనకు షుగరు, రొట్టె చేస్తున్నా అని చెబుతాను. ఆమెకది మామూలు మాటే. నాకు మాత్రం రొట్టె అన్న ముక్క నోరు తెరిచి చెప్పడానికి జీవితం సగానికి పైగా పట్టింది.

నేను పుట్టిన ఊరు ఇక్కడికి నాలుగు మైళ్లుంటుంది. ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిన జాగంతా అప్పట్లో జొన్నచేలే. చలికాలం పొద్దున్నే చేలోకి పోతే ఆకుల మీది మంచుకు లంగా మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు చుట్టుకునేది. కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె ఎక్కి ఒడిసెల తిప్పి రాళ్లు విసురుతూ పిట్టలను తోలే పని పిల్లలదే. పిట్టలు తిన్నదానికంటే మేము తిన్నదే ఎక్కువ. లేత కంకులను పిడకల నిప్పులో కాల్చి, గోనెసంచి మీద నలిచి, పొట్టు ఊదుకుని, ఆ వేడి గింజలను ఎల్లిపాయ కారంతో నములుతుంటే సాయంత్రం ఎప్పుడయ్యేదో తెలిసేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు మా అమ్మ రొట్టెలను వేడిమీదే చిదిమి, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేది. ఒకటి అక్కడే తిని, ఇంకొకటి ఒళ్లో దాచుకుని, కచ్చకాయలు ఆడుతూ కొంచెం కొంచెం కొరుక్కునేదాన్ని.

పండుగ నాటి రొట్టె తీపి. మిగతా రోజుల రొట్టె అంటే మాత్రం నాకు తలవంపుగా ఉండేది. మేము కూలికి పోయే వాళ్లం. పొద్దున జొన్నరవ్వ గటక, పగటికి రొట్టె, మాపటికి మళ్లీ రొట్టె. అన్నం ఉడికేది పండుగకో, చుట్టం వస్తేనో, ఎవరికైనా జ్వరమొస్తేనో. అందుకే జ్వరమొస్తే నాకు లోపల సంతోషంగా ఉండేది. పొద్దున్నే అమ్మ అరచేతులతో రొట్టె కొడుతుంటే చప్‌చప్ మని వాడంతా వినబడేది. మా ఇంట్లో బియ్యం లేవని అందరికీ చెప్పుకున్నట్టే.

"అమ్మా, జెర మెల్లగ కొట్టరాదే" అనేదాన్ని.

"మెల్లగ కొడితే రొట్టె సాగదు బిడ్డా" అనేది. అన్నదే గాని, వాకిట్లో బడి పిల్లల అలికిడి వినబడితే చెయ్యి నెమ్మది చేసేది. అట్లా కొట్టిన రొట్టెలు అంచులు మందమై పగిలిపోయేవి. వాటిని తనే తినేది.

అమ్మ పనికి పోయే పటేలు ఇంట్లో రోజూ అన్నమే. వాళ్లిచ్చిన గంజి అమ్మ చెంబులో తెచ్చేది. అడుగున నాలుగు మెతుకులు ఉండేవి. వాటిలో ఒకటి తీసి పెదవి పక్కన అంటించుకుని బడికి పోయేదాన్ని. "నర్సీ, మూతి తుడుసుకో, మెతుకంటింది" అని పటేలు బిడ్డ అనేది. ఆ మాట వినడానికే కదా నేను అంత దూరం మూతి కదపకుండా నడిచింది.

మూడో తరగతిలో ఒకరోజు రొట్టె మూట ఇంట్లోనే మరిచిపోయాను. మరిచిపోయానో, వదిలేసి వచ్చానో ఇప్పుడు నిజంగా చెప్పలేను. పగటి గంట కొట్టాక చూస్తే బడి గోడ దగ్గర అమ్మ నిలబడి ఉంది. నాటు వేస్తూ మధ్యలో వచ్చింది, పిక్కల దాకా బురద. చేతిలో పాత చీరముక్కలో కట్టిన రొట్టె. పటేలు బిడ్డ నా పక్కనే ఉంది.

"ఏం తెచ్చిందే మీ అమ్మ?" అని అడిగింది.

"అది నాకు గాదు, మా ఆవుకు" అన్నాను.

మాకు ఆవు లేదు. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. గోడ మీది నుంచి చాచిన అమ్మ చెయ్యి ఒక్క క్షణం అట్లాగే ఆగింది. "అవును బిడ్డా, ఆవుకే" అని, మూట కొంగులో పెట్టుకుని చేను వైపు వెళ్లిపోయింది. సాయంత్రం ఆ రొట్టెనే నిప్పుల మీద మళ్లీ కాల్చి, పుంటికూర వేసి నా ముందు పెట్టింది. కొట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

అయిదో తరగతితో బడి ఆగిపోయింది. పెళ్లయి ఇంద్రేశం వచ్చాను. మా ఆయన కిష్టయ్యకు మందుల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆయన క్యారియర్లో తెల్లన్నం గంటె వెనకవైపుతో అదిమి అదిమి పెట్టేదాన్ని, మూత తీయగానే పక్కవాళ్లకు కనబడాలని. అమ్మ ఇచ్చిన పెంక అటకెక్కింది. ముసలితనంలో అమ్మ వచ్చి మా దగ్గరే ఉన్నప్పుడు, "ఒక్క రొట్టె చేసుకుంటనే, నోరు సప్పగున్నది" అని అడిగింది. "ఇప్పుడు మనకేం ఖర్మ" అన్నాను. మళ్లీ అడగలేదు. కన్నుమూసేదాకా అన్నమే తిని పోయింది.

ఆయనకు షుగరు బయటపడ్డాక సంగారెడ్డి డాక్టరమ్మ అన్నం మానిపించి, పూటకు రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర, పప్పు పెట్టమంది. పెంక దించాను. రొట్టె కొట్టడం నేను సరిగ్గా నేర్చుకోనే లేదు, అన్నీ పగిలేవి. ఆయన ఆ ముక్కలే తిని, లేవకుండా కంచం ముందే కూర్చునేవాడు. పది గంటలు నిలబడి పని చేసి వచ్చిన మనిషిని రొట్టెతో లేపడానికి నాకు చెయ్యి రాలేదు. రొట్టె తిన్నాక అన్నం పడితేనే భోజనమని నా మనసు.

"జెర పెరుగన్నం తిను" అనేదాన్ని.

"డాక్టరమ్మ వద్దన్నది గదనే."

"ఆమెకేమెరుక. రొట్టె కడుపుకెక్కడ ఆనుతది?"

నవ్వి కంచం చాచేవాడు. జెర అన్నది రోజురోజుకూ కుప్ప అయింది. సంగారెడ్డికి పోయిన ప్రతిసారీ డాక్టరమ్మ ఏం పెడుతున్నవని అడిగేది. "రొట్టెలే మేడం" అనేదాన్ని. ఆయన నా వైపు ఓరగా చూసేవాడు. షుగరు దిగలేదు, గోలీలు పెరిగాయి. అంతలో ఫ్యాక్టరీ బూటు ఒరుసుకుని ఎడమకాలి చిటికెన వేలికి పుండు పడింది. అది మానక నల్లబడితే వేలు తీసేశారు.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ ఈసారి ఆయననే అడిగింది, నిజంగా ఏం తింటున్నవని.

"తప్పు నాదే మేడం" అన్నాడు. "ఈమె రొట్టెలే జేస్తది. నేనే సాటుకు అన్నం పెట్టుకొని తిన్న."

గోడ దగ్గర బురద కాళ్లతో నిలబడి "అవును బిడ్డా, ఆవుకే" అన్న గొంతు మళ్లీ విన్నట్టయింది. ఆనాడు అన్నం తిన్నానని చెప్పుకోవడానికి రొట్టెను దాచాను. ఇప్పుడు రొట్టె పేరు చెప్పి అన్నాన్ని దాచాను. రెండుసార్లూ నా అబద్ధాన్ని నన్ను ప్రేమించిన వాళ్లే మోశారు.

"అబద్ధం మేడం" అన్నాను. "రోజూ నేనే పెట్టిన. ఆయన వద్దన్నా పెట్టిన."

డాక్టరమ్మ తిట్టలేదు. "రొట్టె అన్నం బదులమ్మా, అన్నంతోపాటు గాదు" అంది. అంత చిన్న సంగతి. నాకెప్పుడో తెలుసు.

ఇప్పుడు షుగరు కొంచెం కొంచెం దిగుతోంది. కిటికీ తెరిచే పెట్టి, పైవాటా దాకా వినబడేట్టు రొట్టె కొడతాను. అయినా అమ్మ రొట్టెలాగా సాగదు. చెయ్యి పట్టుకుని నేర్పడానికి ఆమె లేదు. ఆ జొన్నచేలు లేవు, మంచెలు లేవు, ఒడిసెల అంటే పైవాటా అమ్మాయికి తెలియదు. పిండి ప్యాకెట్లో వస్తుంది. బడి గోడ కూడా పోయింది. అక్కడిప్పుడు బీహారు నుంచి వచ్చిన పనివాళ్లు తినే టిఫిన్ సెంటర్ ఉంది. ఆటోలో అటు పోయినప్పుడల్లా ఆయన ఆశగా ఇడ్లీ పాత్ర వైపు చూస్తాడు. నేను చూడలేక తల దించుకుంటాను. అప్పుడు ఆయన ఎడమ చెప్పులో చిటికెన వేలు ఉండాల్సిన ఖాళీ జాగ కనబడుతుంది.