తిరుగు షిప్

మా వదిన హట్ బే నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే మొదట అడిగేది, "తిరుగు షిప్ ఎప్పుడు?" అనే. నలభై నిండకుండానే రొమ్ము క్యాన్సర్ వచ్చాక కూడా అంతే.

అండాశయాల్లో పుట్టి కణితిని పెంచే హార్మోన్‌ని ఆపాలంది డాక్టర్. నెలనెలా ఇక్కడికొచ్చి ఇంజెక్షన్ తీసుకోవచ్చు. ఆపేస్తే అండాశయాలు మళ్లీ పనిచేయొచ్చు. లేదంటే ఆపరేషన్ చేసి వాటిని తీసేయొచ్చు, ఇక వెనక్కి రావు.

"తుఫానుకి షిప్ ఆగిపోతే సూదెలాగ దీదీ?" డాక్టర్‌ని అడిగింది వదిన.

"సూది తప్పకూడదమ్మా."

"పిల్లలిద్దరున్నారు, చాలు. తీసేయండి!" ఆ హుషారుకి డాక్టరే నవ్వేసింది.

ఆపరేషన్ అయి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు ఆటో ఎక్కాక, షిప్ సంగతి అడగలేదేం వదినా అన్నాను.

"ఆగితే ఆగనీ బాబూ, ఇంక నాకేటి!" అంటూ ముందుకు వంగి ఆటోవాణ్ణి తట్టింది. "భయ్యా, అబర్డీన్ బజార్ చలో!"