కవరు లోపలివైపు

మా అరకు కొండల్లో చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండగకి మగవాళ్ళు అడవికి వేటకి వెళతారు. ఏదో ఒకటి పట్టుకొచ్చినవాడికి డప్పులు మోగుతాయి. ఖాళీ చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. ఇప్పుడు అడవిలో వేటాడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, మిగిలినవాటి జోలికి వెళితే ఫారెస్టువాళ్ళు ఊరుకోరు. కాబట్టి వేట చాలావరకు పేరుకే. అయినా మా కుర్రాళ్ళు ఎలుకనో, పిట్టనో తెచ్చి పరువు నిలబెట్టుకునేవారు. నేను వరసగా నాలుగేళ్ళు నిలబెట్టుకోలేదు.

అడవి నుంచి దిగే దారి పక్క ఊరి మీదుగా ఉంటుంది. నాలుగేళ్ళూ నా మీద బిందె కుమ్మరించింది ఆ ఊరి అమ్మాయే. మొదటి రెండేళ్ళు ఇది ఆచారమనే అనుకున్నాను. మూడో ఏడాది నాకంటే ముందు ఇద్దరు ఖాళీ చేతులతో దిగారు. ఆమె వాళ్ళని పోనిచ్చి, బిందె చంకన పెట్టుకుని నాకోసం ఆగింది. దాన్ని ఏమంటారో డిగ్రీ కాలేజీలో మూడేళ్ళు చదివినా నాకు ఎవరూ చెప్పలేదు. నెమ్మదిగా తెలిసింది.

డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగాలు నాకోసం ఎదురుచూడడం లేదని కూడా తెలిసింది. మైదాన ప్రాంతంలో సైన్యంలో చేర్చుకునే ర్యాలీ జరుగుతోందంటే వెళ్ళాను. పుట్టినప్పటి నుంచి నీళ్ళకీ బడికీ కొండ ఎక్కి దిగినవాడికి చదును నేల మీద పరిగెత్తడం సెలవురోజు లాంటిది. ఎంపికయ్యాను. ఆ ధైర్యంతో ఆమె తండ్రి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన చుట్ట ఆర్పకుండా నన్ను పైనుంచి కిందికి చూశాడు. వేటలో ఒక్క పిట్టని కొట్టలేని గుంటడికి ప్రభుత్వం తుపాకీ ఇస్తోందా అని కాస్త బాధపడ్డాడు, ప్రభుత్వం గురించి. తర్వాత తేల్చి చెప్పాడు.

"ట్రైనింగు పూర్తి సేసుకుని రా, అప్పుడు మాటాడుదాం. మజ్జిలో తిరిగొచ్చేత్తే మాత్రం ఈ గుమ్మం తొక్కకు."

ట్రైనింగులో ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ ఒక బండ మీదే అందుతుంది, ఆదివారం ఆ బండ మీద ఊరంతా ఉంటుంది, వాళ్ళ నాన్నతో సహా. అందుకని ఉత్తరాలు రాసుకుందాం అనుకున్నాం. అందులోనూ ఒక చిక్కుంది. పై ఊళ్ళ ఉత్తరాలని పోస్టుమ్యాన్ శుక్రవారం అరకు సంతలో, ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని పంచుతాడు. వాళ్ళ నాన్నకి చదువు రాదు, ఆసక్తి మాత్రం చాలా ఉంది. ఉత్తరం వస్తే అక్కడే కూతురితో పైకి చదివిస్తాడు. టీ కొట్టాయన మైదానం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, స్టవ్ తగ్గించి మరీ వింటాడు.

ఈ చిక్కు విప్పింది ఆమే. తను పనిచేసే కాఫీ నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపుతూ, ఉత్తరం మా నాన్నకి రాయి, నాకు కవరు లోపల రాయి అంది. కవరు అంటించిన చోట్లు ఊడదీసి, లోపలివైపు రాసి, అన్నం మెతుకులతో మళ్ళీ అంటించాలి. ఉత్తరం అందరూ వింటారు. ఖాళీ కవరు ఎవరికి కావాలి?

కాఫీ పళ్ళు కోయడం అయిపోయిన రోజుల్లో కిరండూల్ రైలెక్కి ట్రైనింగుకి కొండ దిగాను.

మొదటి రెండు నెలలు కవరు లోపలివైపు ఏం రాశానో ఇక్కడ చెప్పను. బారక్‌లో ముప్ఫైమంది మధ్య కూర్చుని చెంచాడు మెతుకులు దాచుకుని రాసిన మాటలవి, ఆ దృష్టితో చూస్తే పరవాలేదు. తర్వాత ఫైరింగు మొదలైంది.

నేను కొండవాణ్ణని తెలిసి మా ఉస్తాద్ చాలా ఆశ పెట్టుకున్నాడు. ఉస్తాద్ అంటే మాకు శిక్షణ ఇచ్చే హవల్దారు. అడవి మనుషులకి గురి రక్తంలోనే ఉంటుందని ఆయన నమ్మకం. మొదటి రోజు ప్లటూన్ అందరినీ కూర్చోబెట్టి, వీడు కాలుస్తుంటే చూసి నేర్చుకోండి అన్నాడు. పది రౌండ్లు కాల్చాను. నా టార్గెట్ కొత్తదానిలా ఉంది. పక్కవాడి టార్గెట్‌కి రెండు తగిలాయి. అందరూ ఎంతో కొంత నేర్చుకునే ఉంటారు.

తర్వాత జరిగిన మొదటి పరీక్షలో తప్పాను. ఆ వారం ఉత్తరంలో, ఆరోగ్యం బాగుంది, తిండి బాగుంది, ఫైరింగు బ్రహ్మాండంగా ఉంది అని రాశాను. కవరు లోపల కూడా బ్రహ్మాండమనే రాశాను. నాలుగేళ్ళు పేడనీళ్ళు పోసిన మనిషికి ఐదోసారి ఓడిపోయానని చెప్పడానికి చెయ్యి రాలేదు. పద్దెనిమిది రోజుల తర్వాత జవాబొచ్చింది.

"బాగా కాలుత్తన్నావని రెండేపులా రాసేవు. మా నాన్న ఒకేపు విని నమ్మేడు. నాను రెండేపులా సదివి నమ్మలేదు."

ఈలోగా సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. మెస్‌లో టీవీ ముందు అన్నం తినడం మరిచిపోయి నిలబడేవాళ్ళం. మాతో కందకాలు తవ్వించారు, కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటింపజేశారు. మాకంటే ముందు బ్యాచ్ వాళ్ళు ఇంటివాళ్ళని పిలుచుకోకుండానే శిక్షణ ముగింపు కవాతు చేసి రైలెక్కారు. మా శిక్షణ కూడా కుదిస్తారని మాట వచ్చింది. ఆదివారం పది నిమిషాలూ రద్దయ్యాయి. ఉత్తరాలు తెరిచి ఇవ్వాలన్నారు. ఉస్తాద్‌కి తెలుగు రాదు. నా కాగితం తిప్పి చూసి, మ్యాపులేమైనా ఉన్నాయా అని అడిగి, లేవంటే కవరు తనే జాగ్రత్తగా అంటించి పెట్టేవాడు. లోపలివైపు ఎప్పుడూ చూడలేదు.

రెండో పరీక్షలోనూ తప్పాను.

ఉస్తాద్ అరవలేదు. అరిస్తే బాగుండేది. మూడోది ఆఖరు, అందులో తప్పితే ఇంటికి పంపేస్తారు అని నెమ్మదిగా చెప్పాడు. నిన్ను ఇలాగే సరిహద్దుకి పంపితే మనవాళ్ళకే ప్రమాదం, అది నేను చెయ్యను అని కూడా చెప్పాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఇంటికి అంటే మా ఊరికే, కానీ నాకు గుర్తొచ్చింది మాత్రం పక్క ఊరి గుమ్మం.

ఆ రోజు ఉత్తరంలో మావయ్యకి, అదే వాళ్ళ నాన్నకి, మళ్ళీ బ్రహ్మాండమనే రాశాను. కవరు ఊడదీసి లోపల నిజం రాశాను. "రెండుసార్లు తప్పాను. మూడోసారి తప్పితే వచ్చేస్తాను. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో టార్గెట్ మాయమైపోతోంది, ఎందుకో తెలియదు. ఇక్కడ అందరూ యుద్ధం గురించి భయపడుతున్నారు. నాకు మీ నాన్న అంటేనే భయం." చివరి వాక్యం పూర్తిగా నిజం కాదు. రెండు భయాలకీ కవరులో చోటు చాల్లేదు.

మూడో పరీక్షకి మూడు వారాలుంది. ఉత్తరం వెళ్ళడానికి తొమ్మిది రోజులు, రావడానికి తొమ్మిది రోజులు. మధ్యలో ఇటుకల పండగ వచ్చింది. మా ప్లటూన్‌లో ఆ పండగ తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆ రోజు నేను కందకంలో ఉన్నాను, పొడిగా ఉన్నాను. ఐదేళ్ళలో మొదటిసారి.

పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా జవాబొచ్చింది. మామూలు కవరు కాదు, స్పీడుపోస్టు. ఈసారి అంతా కాగితం మీదే ఉంది.

"బావా, పండగ అయిపోయింది. ఈ ఏడు అందరూ ఏదోటి తెచ్చేరు. నా బిందెలో పేడనీళ్ళు మిగిలిపోనాయి. పారబొయ్యబుద్ధి కాక కాఫీ మొక్కలకి పోసేను.

టార్గెట్టు మాయమవడం కాదు. నువ్వు కళ్ళు మూసేత్తన్నావు. రెండూ. సంతలో నాకు కన్ను కొట్టీవోడివి, గేపకం ఉందా? ఎడంకన్ను మూద్దామని సూసీవోడివి, రెండూ మూసుకుపోయేవి. రెండేళ్ళు నీకు నిద్ర సాలట్లేదనుకున్నాను. కుడికన్ను ఒక్కటీ మూయడం నీకొచ్చు, సోళ్ళు నూర్సినపుడు కంట్లో పొట్టు పడితే సూసేను. ఎదురుబొంగు వంకరుందో లేదో సూడాలన్నా ఎడంకంటికే ఆనిత్తావు. మరి తుపాకీ కుడి బుజాన్న పెట్టమని నీకెవరు సెప్పేరు? ఎడం బుజాన్న పెట్టు.

ఇది బేగి సేరాలని సంత దాకా ఆగకండా కొండ దిగి వచ్చి పోస్టులో ఏత్తన్నాను. మా నాన్నకి సెప్పలేదు."

గడ్డం గీసుకునే అద్దం తీసుకుని బారక్ వెనక్కి వెళ్ళాను. ఎడమకన్ను మూశాను. అద్దం మాయమైంది. కుడికన్ను మూశాను. ఎడమ కంటితో నా ముఖం నాకు స్పష్టంగా కనిపించింది, అంత తెలివైన ముఖంలా అనిపించలేదు. రెండేళ్ళు సంతలో నేను చేసింది కన్నుకొట్టడం అనుకుంటూ గడిపినవాడి ముఖం అలాగే ఉంటుంది.

మర్నాడు ఉస్తాద్ ముందు నిలబడి, ఎడమ భుజం మీద పెట్టి కాలుస్తానని అడిగాను. రంగ్‌రూట్, అంటే కొత్తగా చేరినవాడు, ఉస్తాద్‌కి సలహా ఇవ్వడం అంత ఆరోగ్యకరమైన పని కాదు. ఆయన ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగాడు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిందన్నాను.

"ఇంట్లో ఫౌజీలున్నారా?"

"లేరు ఉస్తాద్. కాఫీ నర్సరీలో పనిచేస్తారు."

ఆయన ప్లటూన్ అందరి ముందూ ఎడమకన్ను మూయమన్నాడు. మూశాను. ముప్ఫైమంది నవ్వారు, నాకు వినపడింది గానీ కనపడలేదు. కుడికన్ను మూయమన్నాడు. అది ఒక్కటే మూసుకుంది. ఆయన నా ముఖానికి దగ్గరగా వచ్చి మళ్ళీ మళ్ళీ చేయించాడు.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో రంగ్‌రూట్ నాకు కన్ను కొట్టడం ఇదే మొదటిసారి," అన్నాడు. తర్వాత నవ్వకుండా, తుపాకీ ఎడమ భుజానికి మార్చి, నా చెంపని బట్‌కి తనే ఆనించాడు. ఆ రోజంతా తూటాలు లేకుండా పడుకోబెట్టి సాధన చేయించాడు. మధ్యాహ్నం భోజనానికి తనూ వెళ్ళలేదు. వారాల తరబడి నన్ను చూస్తూ కూడా నా కళ్ళు చూడలేదని ఆయనకి కష్టంగా ఉన్నట్టుంది.

పరీక్ష రోజు టార్గెట్ మాయం కాలేదు. నిలబడే ఉంది, నేను కాల్చిన తర్వాత కూడా కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. నాకు పతకమేమీ రాలేదు. పాసయ్యాను. ఉస్తాద్ కాగితం మీద సంతకం పెడుతూ, సైన్యంలోకి తీసుకోవాల్సింది నిన్ను కాదు, ఆ ఉత్తరం రాసినవాళ్ళనేమో అన్నాడు.

ఆ సాయంత్రం రాసిన ఉత్తరంలో మాత్రం మొదటిసారి కాగితం మీదే నిజం రాశాను. మావా, ఇన్నాళ్ళూ బ్రహ్మాండమని రాసింది అబద్ధం, రెండుసార్లు తప్పాను, మీ అమ్మాయి చెబితే మూడోసారి పాసయ్యాను అని. శుక్రవారం టీ కొట్టు దగ్గర ఆమె ఒక్క మాట వదలకుండా పైకి చదివిందట. రెండుసార్లు తప్పాను అన్న చోట గొంతు ఇంకాస్త పెంచిందట. టీ కొట్టాయన స్టవ్ పూర్తిగా ఆపేశాడట. మావయ్య టీ ఆఖరి చుక్క దాకా తాగాడట. గ్లాసు కింద పెట్టి, "మూడోసారికైనా పిట్ట పడింది గదా," అన్నాడట. అంతకంటే పెద్ద దీవెన ఆయన నోటి నుంచి అప్పటికి ఎవరూ వినలేదు.

ఆ ఉత్తరానికి కూడా కవరు లోపలివైపు రాశాను. చోటు సరిపోయింది.

మా కవాతు నాటికి సరిహద్దులో కాల్పులు ఆగాయి. ఆగడం అంటే ఏమిటో మాకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు, పోస్టింగ్ కాగితం మాత్రం ఇచ్చారు, ఆ సరిహద్దుకే. ముందు ఇంటికి సెలవు. వానాకాలం, ఘాట్ రోడ్డంతా మబ్బు. అరకులో జీపెక్కి, మా ఊరి కంటే ముందు పక్క ఊళ్ళో దిగాను. ఇస్త్రీ చేసిన యూనిఫాం, ముఖం కనపడేలా పాలిష్ చేసిన బూట్లు. ఎనిమిది నెలల్లో నేను నిజంగా బాగా నేర్చుకున్నది ఆ పాలిషే.

ఆమె దారి మీద బిందెతో నిలబడి ఉంది.

"ఇప్పుడు పండగ కాదుగా," అన్నాను.

"వేటకి రానోడు ఖాళీ సేతుల్తో వచ్చినోడి కిందే లెక్క. ఏటి తెచ్చేవు?"

జేబులోంచి పోస్టింగ్ కాగితం తీసి చూపించాను. చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ఆమె బిందె దించకుండానే రెండుసార్లు చదివింది. అందులో రాసిన ఊరు ఎక్కడుందో అడగలేదు, ఆ పేరు మూడు నెలలుగా టీవీలో వింటూనే ఉంది. కాగితం మడిచి నా జేబులో తనే పెట్టి, గుండీ వేసింది. గుమ్మంలో వాళ్ళ నాన్న చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు.

"ఉత్తరాలు రాత్తావా?" అంది.

"కవరు లోపలా?"

"బయటే రాయి. అందరికీ తెలిసిపోనాదిగా."

తర్వాత బిందె వంచింది. యూనిఫాం మీద చుక్క పడనివ్వలేదు. మొత్తం బూట్ల మీదే పోసింది, నెమ్మదిగా, బిందె ఖాళీ అయ్యేదాకా. గుమ్మంలోంచి వాళ్ళ నాన్న కేకేశాడు.

"తడి కాళ్ళతో ఎంతసేపు నిలబెడతావే ఆణ్ణి? లోపలికి రమ్మను."

బూట్లు విప్పి, గుమ్మం తొక్కాను.