అట్ట లోపలి తాడు గుర్తు

దయ్యాలంటే నాకు భయం లేదు, కోపం. కావలిలో మా నాయన పుస్తకాల బైండింగ్ కొట్టు పెట్టిన రోజు నుంచీ తాయెత్తులు కట్టేవాళ్లనూ గాలి మంత్రించేవాళ్లనూ మెట్టు ఎక్కనివ్వలేదు. ఆయన తర్వాత నేనూ ఎక్కనివ్వలేదు. కాబట్టి ఇది చదివి, మస్తాన్‌కి ముసలితనంలో చాదస్తం పట్టుకుందని ఎవరూ నవ్వనక్కర్లేదు. నేను చెప్పేది నా చేతులతో బంక పూసి, నా చేతులతో అతికించిన పుస్తకాల సంగతి.

అవి అరవైల నాటి రోజులు. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు పాళెంలో నరసయ్య మాస్టారని ఉండేవారు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఆ పాళెం బడిలోనే పంతులయ్యారు. ఆయన అన్న అదే పాళెంలో పడవ నడిపేవాడు.

మాస్టారికి ఒక పిచ్చి. ఈజిప్టు దేశపు పాత బొమ్మల రాతను తొలిరోజుల్లో పండితులు ఎలా చదివారో తెలుగులో రాయాలని. మద్రాసు వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాల అంగళ్లలో తిరిగి, చెదలు తిన్న ఇంగ్లీషు పుస్తకాలు మోసుకొచ్చేవారు. ఊడిన అట్టలు నేను కట్టేవాణ్ణి. అలా మొదలైంది మా స్నేహం. నాది అయిదో తరగతి చదువు. అయినా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాలేజీ పిల్లలకు చెప్పినట్టు చెప్పేవారు.

వందల ఏళ్లపాటు పెద్ద పెద్ద పండితులు ఆ బొమ్మల్ని చూసి ఇవి దేవరహస్యాలనీ, పొడుపుకథలనీ అనుకున్నారట. తర్వాత ఒకే శాసనం మూడు రాతల్లో ఉన్న రాయి ఒకటి దొరికింది, మూడింటిలో ఒకటి పండితులకు వచ్చిన గ్రీకు. అందులో కొన్ని బొమ్మల చుట్టూ తాడు ఉచ్చులాగా ఒక గీత ఉంది. ఆ తాడు లోపల ఉన్నవి రాజుల పేర్లేనని పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో అక్షరాన్నీ లాగారు.

“పేరే తాళంచెవి మస్తానూ. పేరు దొరికినాకనే ఆ రాతంతా నోరు తెరిచినాది” అనేవారు మాస్టారు.

ఆ దేశంలో ఒక మనిషికి వేసే పెద్ద శిక్ష, వాడి పేరును రాతి మీద నుంచి చెక్కేయడమని కూడా చెప్పారు. దారినపోయేవాడు సమాధి మీది పేరు చదివి పైకి పలికితే చాలు, చచ్చినవాడికి రొట్టే నీళ్లూ అందినట్టేనట.

ఆయన తన పేరునూ ఆ రాతలో రాసుకున్నారు. న కి నీటి అల, ర కి నోరు, స కి తలుపు గడియ, య కి రెండు రెల్లు ఆకులు. చుట్టూ తాడు. అది రాజులకే కదా అయ్యోరా అంటే, “ఒకటో తరగతికి నేనే రాజుని” అని నవ్వారు.

ఆ గుర్తు పుస్తకాల్లో ఆగలేదు. మా తీరంలో ప్రతి పడవ ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. వల మీద తేలే చెక్క బెండ్ల మీద దాన్ని చెక్కుకుంటారు. వేరే ఇంటి బెండు ఒడ్డుకు కొట్టుకొస్తే, గుర్తు చూసి ఆ ఇంటికి చేరుస్తారు. ఒకడి గుర్తు గీకేసి తన గుర్తు పెట్టుకోవడమనేది ఆ పాళెంలో ఎవరూ వినలేదు. మాస్టారి అన్నకు ఈ తాడు బొమ్మ నచ్చి, తమ ఇంటి గుర్తుగా అదే చెక్కించాడు. బోగోలు సముద్రంలో ఈజిప్టు రాజుల తాడు వేసుకున్న బెండ్లు తేలుతుండేవంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు!

పదేళ్లు రాశారు మాస్టారు. నాలుగు లావు నోటుబుక్కులు. వాటిని కుట్టింది నేనే. అందులో ఒక ప్రకరణం మొత్తం ఏ అక్షరాన్ని ఎవరు ముందు చదివారో, ఎవరి కష్టాన్ని ఎవరు తమదిగా చెప్పుకున్నారో అన్న దాని మీదే ఉంది. సగం దారి వేసినవాడిని కూడా వదలకుండా పేరు పేరునా చెప్పారు. అది రాసేటప్పుడు ఆయనకు నిద్ర పట్టేది కాదు.

అచ్చు చూడకుండానే జ్వరంతో పోయారు.

ఆయన భార్య సుబ్బమ్మగారు నోటుబుక్కులు మూట కట్టుకుని నా కొట్టుకు వచ్చి, ఏం చేయమంటావని అడిగారు. కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు ఒకాయన మాస్టారి దగ్గరికి రెండు మూడుసార్లు వచ్చి పోయాడు. ఆయనకివ్వండమ్మా, అచ్చు వేయిస్తాడు అన్నాను. అవును, ఆ మాట అన్నది ఈ నోరే.

“నాకు చదువు రాదు గదా నాయనా. ఆయన పేరు ఉండాదని నువ్వు చూసి చెప్తే చాలు” అన్నారు ఆవిడ. నాది పూచీ అన్నాను.

ఏడాది తిరిగాక అచ్చాఫీసు నుంచి రెండొందల కాపీల ఫారాలు, అంటే అచ్చయిన విడి కాగితాలు, బైండింగుకు వచ్చాయి. కట్ట విప్పగానే నీటి అల, నోరు, గడియ కనిపించి ప్రాణం లేచొచ్చింది. మొదటి పేజీ తీశాను. లెక్చరరు పేరు. ముందుమాట చూశాను. లెక్చరరు భార్యకు కృతజ్ఞతలున్నాయి, అచ్చాఫీసుకు కృతజ్ఞతలున్నాయి. మాస్టారి పేరు ఎక్కడా లేదు. ఎవరి కష్టం ఎవరిదో చెప్పిన ఆ ప్రకరణం మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంది. సిగ్గులేనితనానికి ఒక హద్దుండాలి కదా!

కొట్టు మూసి నేరుగా లెక్చరరు ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“నోట్సు ఆయనవే అయ్యుండొచ్చు. పుస్తకం చేసింది నేను. ఎలిమెంటరీ మాస్టరు పేరేస్తే ఈజిప్టు సంగతి ఎవరు చదువుతారయ్యా? నీ పని నువ్వు చూసుకో.”

తిరిగొచ్చి నా పని నేను చూసుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట రాస్తుంటే చెయ్యి సిగ్గుపడుతోంది. ఫారాలు విసిరి కొట్టి ఉండాల్సింది. కొట్లేదు. ఒప్పుకున్న పని అని నాకు నేనే చెప్పుకుని కుట్టడం మొదలుపెట్టాను.

ఇక అసలు సంగతి. మా బంక మైదా ఉడకబెట్టి చేస్తాం. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం, ఆ నీలిపచ్చ విషపు ఉప్పు, కలుపుతాం. అట్ట లోపలి వైపు తెల్లకాగితం అతికించి, చెక్క పలకల మధ్య బిగించి, మర్నాడు తీసి నీడలో ఆరబెడతాం. మొదట ఇరవై కాపీలు తీశాను. మిట్టమధ్యాహ్నం, వెలుతురు బాగా ఉంది. ప్రతి అట్ట లోపలా, కుడివైపు మూలన, బొటనవేలంత ఆకుపచ్చ మరక.

తుత్తం సరిగ్గా కరగలేదనుకున్నాను. బంక పారబోసి కొత్తది కాచాను. తర్వాతి ఇరవైలోనూ అదే మరక, అదే మూల. పలకల్ని వేళ్లతో తడిమి చూశాను, నున్నగా ఉన్నాయి. కాగితం మార్చాను. అదే గిన్నెలోని బంకతో పంచాయతీ రిజిస్టర్లు అతికిస్తే పాలలా తెల్లగా వచ్చాయి. ఆఖరికి తుత్తం అసలు వేయకుండా బంక కాచి అతికించాను. అప్పుడూ అదే ఆకుపచ్చ.

మరకేనని ఎంతసేపు బుకాయించుకుంటాను? మొదటి ఇరవైలో చెదిరినట్టున్నది తర్వాతి వాటిలో తేటపడుతూ వచ్చింది. చుట్టూ తాడు. లోపల అల, నోరు, గడియ, రెండు రెల్లు ఆకులు. రెండొందల కాపీల్లోనూ ఉంది. నేను వేయలేదు. ఖురాను మీద చెయ్యి పెట్టి చెబుతాను, నేను వేయలేదు.

లెక్చరరు కాపీలు తీసుకెళ్లడానికి వచ్చాడు. ఒకటి తెరిచాడు, ఇంకోటి తెరిచాడు, పదో పన్నెండో తెరిచాడు. ముఖం కందిపోయింది.

“ఏందయ్యా ఇది? అన్నిట్లో ఈ మరకేంది? పామా, పురుగా?”

ఆయన వెటకారం చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ రాతను ఎలా చదివారో పుస్తకం వేసుకున్న పెద్దమనిషికి, ఆ రాతలో నాలుగక్షరాల పేరు చదవడం రాలేదు! అయిదో తరగతి బైండరు ముందు నిలబడి పామా పురుగా అని అడుగుతున్నాడు.

“నరసయ్య అని రాసుండాది సార్” అన్నాను. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, పైకి, నలుగురికీ వినపడేట్టు మళ్లీ చదివాను. న, ర, స, య.

ఆయన గొంతు చించుకున్నాడు. కావాలని నేనే వేశానన్నాడు, కోర్టుకు ఈడుస్తానన్నాడు. కాపీలన్నీ బండికెత్తించుకుని పోయాడు. ఇంకో ఊళ్లో ఆ కాగితాలు చింపించి కొత్తవి అతికించాడని విన్నాను. వాటిలో మళ్లీ వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ పుస్తకం మాత్రం ఏ అంగట్లోనూ నాకు కనిపించలేదు.

ఒక కాపీ నా బల్ల కింద ఉండిపోయింది. దాన్ని తీసుకుని పాళెం వెళ్లాను. అమ్మా, మాట నిలబెట్టుకోలేకపోయాను, ఆయన పేరు వేయలేదు అని చెప్పి కాళ్లు పట్టుకుందామని. సుబ్బమ్మగారు వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్నారు. చేతులు కడుక్కుని పుస్తకం అందుకున్నారు. నేను నోరు తెరిచేలోపే అట్ట తిప్పారు.

“మా బెండ్ల మీద గుర్తు!” అని దాని మీద వేలు పెట్టి తడిమారు. “ఆయన పేరు ఏయించినావా నాయనా. అన్నమాట నిలబెట్టుకున్నావు.”

కళ్లనీళ్లు పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నారు. కాదమ్మా, నేను కాదు అని చెప్పకుండానే తిరిగొచ్చేశాను.

ఆ గుర్తు నేనే వేశానని ఒకాయన నన్ను తిట్టాడు, ఒకావిడ బతికున్నంత కాలం దీవించింది. ఆ రెండింటిలో ఏదీ నాకు చెందదు. ఆ పేరు ఎలా వచ్చిందో ముప్పై ఏళ్లు బంక కాచిన నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.