తెల్లసిమెంటు పూసిన సమాధి

2023, ఈస్టర్ ముందు వారం. మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల వార్డులో నేను స్టాఫ్‌నర్సుని. ఓడ మెట్ల మీద జారిపడి తుంటి విరిగిన ఓ ఇంగ్లీషు ముసలావిడకి అప్పుడే ఆపరేషనైంది. పేరు మార్గరెట్.

ఆవిడ ముత్తాత విక్టోరియా రాణి కాలంలో నౌకాదళంలో పనిచేశాడు. పదమూడేళ్ళకే ఓడెక్కి, ఈ సముద్రంలో బానిసల్ని తరలించే పడవల్ని పట్టుకుంటూ కమాండర్ అయ్యాడు. జ్వరమొచ్చి ఇక్కడే పోయాడు. పోయేముందే ఏదో తప్పుకి హోదా ఊడబెరికారని వాళ్ళింట్లో గుసగుస. ఆయన పేరెత్తడమే మానేశారట.

"సమాధి రాయి మీద కమాండర్ అని ఉంటే ఆ గుసగుస అబద్ధమే కదా, సిస్టర్? నాకోసం చదివి రండి," అన్నారు. సోమవారం ఆవిడని స్ట్రెచర్ మీద విమానం ఎక్కించేస్తారు.

ఆయన్ని పాతిపెట్టిన సముద్రపొడ్డు శ్మశానానికి పడవలోనే వెళ్ళాలి. ఎవరూ చూడని ఓ పాత సమాధికి వెళ్తున్నానని మా తెలుగు చర్చిలో చెబితే శనివారం నాతోపాటు చాలామంది బయల్దేరారు. ఈస్టర్ ముందురోజు సమాధులు కడిగి సున్నం వేయడం మా నరసాపురం వైపు ఆనవాయితీ. ఎవరూ లేనివాటికైతే మరీ శ్రద్ధగా వేస్తాం. రాయి మీద ఆయన పేరు దొరికింది. హోదా రాసుండే కింది వరుసలకి ఉప్పు పేరుకుని ఉంది. తిన్నాక శుభ్రం చేసి చదువుదాంలే అని నేను ఒడ్డున పులిహోర పంచడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాయంతా తెల్లగా మెరిసిపోతోంది. సైట్‌లో పెయింటరుగా చేసే యేసుదాసు బాబాయి చేతులు కడుక్కుంటున్నాడు.

"సున్నవైతే ఈ ఉప్పుగాలికి నిలవదమ్మా. తెల్లసిమెంటు ఏసేను. దిక్కులేనోడని ఎవరూ అనుకోకూడదు గదా," అన్నాడు.

ఆయన్నేమనను? చదవాల్సింది ఉందని నేనే చెప్పలేదు. నీళ్ళు పోసి తుడిచి చూశాం. పాత రాయే పెచ్చులుగా ఊడొస్తుంటే భయమేసి ఆపేశాను.

మా పనిలో డ్రెస్సింగ్ అంటే గాయానికి కట్టు కట్టడమొక్కటే కాదు. కప్పేముందు గాయాన్ని చూసి, ఎలా ఉందో రాసుకోవాలి. ఫస్టియర్‌లో నేర్పే పాఠం. నేను ఒక్క ఫోటో అయినా ముందు తీసుకోలేదు.

వార్డుకి తిరిగొచ్చి, సిమెంటు పూశాక తీసిన ఫోటో తెరిచి ఫోన్ మార్గరెట్ చేతికిచ్చాను. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి అక్షరాల కోసం వెతికారు. జరిగింది చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది.

"మావాళ్ళు సిగ్గుపడి ఆయన్ని కప్పేశారు. మీరు ప్రేమగా కప్పారు," అన్నారావిడ. ఆ పూసినాయనకి థాంక్స్ చెప్పమన్నారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు కొత్త సిస్టర్లకి డ్రెస్సింగ్ నేర్పేటప్పుడు ముందు చూడండి, తర్వాతే కప్పండి అని పదేపదే చెబుతాను. నాకు చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వనీ. అసలు సంగతి చెప్పడానికి నాకు ముఖం చెల్లదు.