సముద్రం వైపు గోడ

మస్కట్‌లో నేను మెయింటెనెన్స్ చూసిన పాత హోటల్‌కు లిఫ్టు లేదు. ఏ రెండు గదులూ ఒక్క కొలతలో లేవు. అయినా దానిమీద నాకు పిచ్చి ప్రేమ. పగడపు రాయితో కట్టిన రెండు మూరల మందం గోడలు, సముద్రానికి ఎదురుగా కమానుల వరండా, పైన చెక్క జాలీల బాల్కనీ. జూన్ ఎండలో మాడి వచ్చినవాడికి ఆ వరండాలో అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది. ఊళ్ళో కొత్తగా లేచిన ఖురం పేటలో అద్దాల మేడలు కట్టినవాళ్ళను తెచ్చి ఒక మధ్యాహ్నం ఇక్కడ కూర్చోబెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

అంత ప్రేమించిన నేనే దాని కొంప ముంచాను.

వరండా గోడకు ఏటా ఉప్పు పట్టి పైపూత రాలేది. నేను భాయ్ అని పిలిచే మా కడప మేస్త్రీ ఏటా ఓపికగా సున్నం పూసేవాడు. నాకు చిరాకెత్తి, ఈసారి సిమెంటు కొట్టెయ్యమన్నాను.

"వద్దు సార్. శానా పాత గోడ ఇది. లోపలి తేమ బయటికి పోనీకి దారి ఉండల్ల. మా పక్క పాత మసీదులకు గూడా సున్నమే పూస్తాం," అన్నాడు.

"డిప్లొమా నీదా నాదా భాయ్? చెప్పింది చెయ్యి," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

గోడ నాలుగు నెలలు నున్నగా మెరిసింది. తర్వాత గదుల్లోపల చెమ్మ దిగింది, కమాను అడుగున రాయి పొడిపొడిగా రాలింది. మేమంతా అర్బాబ్ అని పిలిచే ఒమానీ యజమాని అది చూసి, రంజాన్ అయ్యాక వరండా పడగొట్టి అద్దాలు పెట్టిద్దామన్నాడు. పని చెడగొట్టింది మేస్త్రీ అనుకుని, అతన్ని ఇంటికి పంపెయ్యమన్నాడు. నేను నోరు విప్పలేదు. గోడ బాగుచెయ్యడానికి, అందాకా మేస్త్రీని ఉంచడానికి ఒక్క నెల గడువు మాత్రం అడిగాను, సరేనన్నాడు.

ఆ నెలంతా సిమెంటు ఊడగొట్టి, గోడను ఆరనిచ్చి, సున్నం పలచగా పొరమీద పొర వేశాం. భాయ్ ఉపవాసంతోనే పొద్దున్నే డ్యూటీకి వచ్చేవాడు. తన ఉద్యోగం ఊడబోతోందని అతనికీ తెలుసు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

గడువు తీరాక అర్బాబ్ వచ్చి గోడను అరచేత్తో తడిమాడు. పొడిగా ఉంది. "బాగుచేసింది ఇతనేగా, మరి ముందు పాడు చేసిందెవరు?" అని హిందీలో అడిగాడు.

భాయ్ తల వంచుకుని, "గల్తీ మాఫ్ కరో అర్బాబ్," అన్నాడు. నా తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. "అతను వద్దన్నాడు. నేనే సిమెంటు కొట్టించాను," అన్నాను.

అర్బాబ్ ఇంకోసారి గోడ తడిమి నావైపు తిరిగాడు. "వరండా ఉంటుంది. ఇతనూ ఉంటాడు. ఇకమీదట గోడల సంగతి ఇతన్ని అడిగి చెయ్యి," అని వెళ్ళిపోయాడు.

భాయ్ తన తాపీ నా చేతిలో పెట్టాడు.

"రాండి సార్, ఆ మూల ఇంగా ఉంది. మెల్లగా పూయల్ల, గట్టిగా రుద్దగూడదు."