ఓబిలేష్‌కు దక్కాల్సిన శాలువా

ఓబిలేష్‌కు వేదికంటే ప్రాణం. బుక్కరాయసముద్రం దగ్గరి పల్లెలో చీనీ బత్తాయి తోట చూసుకునే రైతే గానీ, మండలంలో ఎవరు రిబ్బన్ కత్తిరించినా ఆ ఫోటోలో ఓ మూల అతని భుజమో చెవో పడాల్సిందే. పండగ ఫ్లెక్సీల్లో కింది వరుస చివరి బొమ్మ అతనిదే. ఒకసారి ఫ్లెక్సీ మేకు సరిగ్గా అతని బొమ్మ ముక్కు మీదే కొట్టారు. అయినా దాన్ని ఫోటో తీసి అందరికీ పంపాడు.

ఇన్ని సభలకు తిరిగినా అతని భుజాన ఒక్క శాలువా పడలేదు.

అలాంటి మనిషికి, కూతురు రేఖ చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడుతున్నారనీ, ఇంట్లో పిల్లల చదువు బాగా పట్టించుకునేవాళ్ళకు ఆ రోజు శాలువా కప్పుతారనీ తెలిసింది. రేఖ ఎన్నో తరగతో భార్య సునందను అడిగాడు.

"ఏడు," అంది సునంద.

"ఆరనుకుంటాంటినే!"

"పోయినేడు ఆరే."

ఆ సాయంత్రమే వసారాలో కుర్చీ వేసుకుని, రేఖను ఎదురుగా కూర్చోబెట్టి సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచాడు. చదవమని పిల్లకివ్వలేదు. తానే చదివాడు, ఎన్నికల ప్రచారంలో మైకు దొరికినట్టు, వీధి చివరిదాకా వినబడేట్టు. అనంతపురంలో వానలు తక్కువన్న వాక్యం రాగానే, "ఇది మనకి పుస్తకం చెప్పల్నా?" అని పాఠం వదిలేసి తన బోరు ఎండిన కథ ఎత్తుకున్నాడు. రేఖ ఆవులించింది.

రోజూ ఇదే వరస. ఒకనాడు గోడ అవతల నుంచి పుల్లన్న అరిచాడు. "ఓబిలేషా, మా ఎనుము పాలియ్యడం మానేసి నీ పాఠం వింటాంది. కొంచెం తగ్గించప్పా!"

తండ్రి గొంతు అలిసిపోయాక రేఖ సంచి తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. ఎందుకని ఓబిలేష్ ఎన్నడూ అడగలేదు.

సమావేశం రోజు గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఫోన్ సునంద చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో రెండుసార్లు చూపించాడు.

హెడ్మిస్ట్రెస్ సరళ మేడం మైకు అందుకుంది. "ఇంట్లో చదువు ఎట్ల సాగుతుందో మాకేం తెలుసు? అందుకే పిల్లల్నే అడిగినాం. ఈసారి శాలువా ఏడో తరగతి రేఖ వాళ్ళింటికి..."

ఓబిలేష్ లేచి నిలబడ్డాడు.

"...రేఖ వాళ్ళవ్వ బయమ్మ గారికి."

లేచినవాడు మళ్ళీ కూర్చుంటే బాగుండదని అలాగే నిలబడి చప్పట్లు కొట్టాడు. చూసేవాళ్ళకు, తల్లికి సన్మానమని మురిసిపోతున్న కొడుకులాగే కనిపించాడు.

రేఖ మైకు దగ్గరికొచ్చింది. "మా అవ్వకి చదువు రాదు. పెరట్లో శనక్కాయలు ఒలుస్తా, ఈ పొద్దు బడిలో ఏం చెప్పినారని అడుగుతాది. ఆకు ఎండతో అన్నం వండుకుంటాదని చెప్తే, మరి నీళ్ళెవరు మోస్తారే అనింది. వేర్లు మోస్తాయంటి. గాలి యాడినుంచి పోతాదే అనింది. నాకు తెలీలేదు. మళ్ళా పుస్తకం తీసి చూసినా. తనకి అర్థమయ్యేదాకా వదలదు మేడం. అంతలోకి నాకూ అర్థమైపోతాది."

"మరి మీ నాయన?" అంది సరళ మేడం నవ్వుతూ.

రేఖ తండ్రి వైపు చూసి కాస్త ఆలోచించింది. "నాయన కూడా చదువుతాడు మేడం. బాగా గట్టిగా."

సభంతా ఘొల్లుమంది.

ఆ కుర్చీల్లో కూర్చుంటే నడుము పట్టేస్తుందని బయమ్మ సభకు రానేలేదు. ఆమె తరపున వేదికెక్కాల్సింది కొడుకే. శాలువా భుజాన పడ్డప్పుడు ఓబిలేష్‌కు నవ్వాలో, తల దించుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి శాలువా తల్లి ఒళ్ళో పెట్టాడు. బయమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఇంత పల్చగుండాదేంరా! ఎందుకిచ్చినారు?" అంది.

"పాప చెప్పే పాఠం విన్నావని."

"వింటే ఇస్తారా? నువ్వు కూడా వినకపోయినావా?"

ఆ సాయంత్రం ఓబిలేష్ వసారాలో కుర్చీ వేయలేదు.

మర్నాడు మాత్రం ఉండబట్టలేక పెరట్లోకి వెళ్ళి, తల్లి పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఆవు కడుపులో నాలుగు గదులుంటాయని రేఖ చెబుతోంది.

"మన ఆవైతే..." అని అతను మొదలుపెట్టాడు.

"ఉండ్రా, పాపని చెప్పనీ," అంది బయమ్మ.

నోరు మూసుకుని శనక్కాయలు ఒలవడం మొదలుపెట్టాడు. కాసేపటికి, బడి పిల్లాడిలా వేలెత్తాడు.

"చెప్పు నాయనా," అంది రేఖ.

"నాలుగు గదులంటివి కదా. ఆకలి ముందు ఏ గదికి అయితాది?"

రేఖ పుస్తకం తిరగేసింది. అందులో లేదు. బయమ్మ ఒలుస్తున్న చెయ్యి ఆపి, "మంచిదే అడిగినావురా!" అంది కొడుకుతో.

మరుసటి పొద్దున్నే, తోటకు పోవాల్సిన మనిషి బడి గేటు దగ్గర నిలబడి ఉండడం చూసి, శాలువా గురించి గొడవకొచ్చాడేమోనని సరళ మేడం నడక తగ్గించింది.

"మేడం," అన్నాడు ఓబిలేష్ గొంతు తగ్గించి, "ఆవు సంగతి ఒకటి అడగల్ల."