ఆ ఏడు వేటలో దొరికింది నేనే

కొండల్లో పితూరీ అణిచేసిన మరుసటి ఏడాది, నర్సీపట్నం అడవి ఆఫీసులో నేను కొత్త గుమస్తాను. కొత్త కోటు, కొత్త తలపాగా, పొగరు కూడా కొత్తదే. చైత్రంలో కొండవాళ్లకి వేటపండగ. మగాళ్లు అడవికెళ్లి వేట తేవాలి. ఆ నెత్తురు కలిపాకే విత్తనాలు చల్లాలి. ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి తరుముతారు. ఆ ఏడు వేట కూడదని దొరగారు హుకుం వేసి, ఎవరూ వేటాడకుండా చూసి రమ్మని నన్ను పంపారు. నేనా, వీధికుక్క గుర్రుమంటే ఇంట్లోకి దూరే మనిషిని.

గొలుగొండ దాటి కొండెక్కాను. హుకుం విని ఊరిపెద్ద, "వేటాడం బాబూ. అడివిలోకి ఎల్లొస్తాం. ఎల్లకపోతే పండగెలాగవుద్ది?" అన్నాడు. నడవకూడదని కాగితంలో లేదు. సరే అన్నాను. విల్లులు, బల్లేలు సర్కారు ముందే లాక్కుంది కనక, డప్పులు కొట్టుకుంటూ ఊరికే రోజంతా తిరిగారు. వెనక నేను రొప్పుతూ. ఒక కుందేలు మా ఎదుటే కూర్చుని తీరిగ్గా చెవి గోక్కుంది. అందరూ నా వంక చూశారు. నేను కాగితం వంక చూశాను.

సాయంత్రం ఊరి పొలిమేరలో ఆడవాళ్లు కుండలతో సిద్ధం. మగాళ్లందరూ చప్పున నా వెనక్కి చేరారు. సర్కారు మనిషిని ఎవరు కొడతారులే అని రొమ్ము విరుచుకుని నడిచాను. మొదటి కుండ తలపాగాకి తగిలింది. రెండోది, నేను "ఆగండి" అని నోరు తెరిచినప్పుడు.

విత్తనాలు అందరికీ పంచే ముసలమ్మ ముందుకొచ్చి, "వేట ఏదిరా?" అంది. నవ్వులు ఆగిపోయాయి. వేట లేకపోతే విత్తనం మట్టిలో పడదు, ఆ ఏడు ఊరికి తిండి లేదు. ఆవిడ నా చుట్టూ తిరిగి, పొట్ట నొక్కి చూసి, ముల్లు గీసుకుని నెత్తురు కారుతున్న నా మోచెయ్యి పట్టుకుంది.

"అడివంతా సర్కారుదే అన్నారు గదా. సర్కారు జంతువే దొరికింది. బక్కదే, ఏటి సేస్తాం!"

రెండు చుక్కలు విత్తనాల చాటలోకి పిండింది. నన్ను భుజాలకెత్తుకుని ఊరంతా థింసా ఆడారు. పేడ కంపు కొడుతూ నేనూ నాలుగడుగులు వేశాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

వాళ్లకి ఏ ఇబ్బందీ రాకూడదని తెలివిగా రిపోర్టు రాశాను: "వేట జరగలేదు. పండుగ సంపూర్ణంగా, సంతోషంగా జరిగినది." దొరగారు నా భుజం తట్టారు. వేట లేకుండానే పండగ జరుగుతోంది కనక ఇక ఎన్నటికీ అక్కర్లేదని, నా రిపోర్టు జతచేసి నిషేధాన్ని శాశ్వతం చేశారు. నా తెలివికి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి.

మరుసటి చైత్రంలో ఆ కాగితం పట్టుకుని మళ్లీ నేనే వెళ్లి, జతచేసిన నా రిపోర్టుతో సహా చదివి వినిపించాను. మగాళ్లు అరుగుల మీదే కూర్చున్నారు. అడవికి ఎవరూ బయల్దేరలేదు. ముసలమ్మ నాకు మంచినీళ్లిచ్చి, పక్కనే కూర్చుంది.

"నువ్వు మంచోడివే బాబూ," అంది. "మా గురించి ఇంకేటీ రాయకు."